అరుగకయే ముదిసిన చక్రములు

భారతమున శల్యపర్వమందు ఒక చిన్న కథ కలదు. యుద్ధము ముగిసినది. దుర్యోధనుడు తొడలు విరిగి నేల బడియున్నాడు. పాండవులు తమ రథములపై కౌరవశిబిరము కడకు వచ్చిరి. అప్పుడు శ్రీకృష్ణుడు అర్జునుని గాండీవముతోను, అమ్ములపొదులతోను ముందుగా దిగుమనెను. అర్జునుడు దిగిన పిదప తాను పగ్గములు విడిచి దిగెను. దిగినంతనే ధ్వజముమీది కపివరుడు అదృశ్యుడయ్యెను. రథము గుఱ్ఱములతో గూడ భగ్గున మండి బూడిదయ్యెను. విస్మితుడైన అర్జునునకు కృష్ణుడు తెలిపినదేమనగా, ఆ రథము ద్రోణకర్ణుల అస్త్రములచేత ఏనాడో దగ్ధమైనదనియు, తాను కూర్చుండియుండుటచేతనే అంతవరకు నిలిచినదనియు.

మా నాయనగారు నాకీ ఘట్టము చెప్పునప్పటికి నాకు పండ్రెండేండ్లు. కాలిపోయిన రథము కంటికి చెక్కుచెదరక కనబడుట యెట్లని నేను వారిని అడిగితిని. "కనబడునది వేరు, ఉన్నది వేరు, పెద్దదానవైనపుడు నీకే తెలియును" అని వారు నవ్వి యూరకుండిరి. ఆ మాట నాకు గడచిన వేసవిలో తెలిసినది. తెలిపినది ఏ పండితుడును గాదు, ఒక కారు చక్రమునకు తొడిగిన నల్లని రబ్బరు టైరు.

మా యూరు కనకమామిడి. మొయినాబాదునకు చేవెళ్లకు నడుమ, రంగారెడ్డి జిల్లాలో నున్నది. మావారు బడిలో ఉపాధ్యాయులు. ఈ ప్రాంతము కూరగాయలకును, పూలతోటలకును పేరు పొందినది. ఇప్పుడు పట్టణము మావైపు నడచి వచ్చుచున్నది. చేనులున్నచోట్ల ప్రహరిగోడలు లేచినవి. వాని వెనుక విశ్రాంతిగృహములు, పచ్చికబయళ్లు, మామిడిమొక్కలు. యజమానులు నగరమున నుందురు, లేదా సముద్రముల కావల నుందురు. శని, ఆదివారములకు గాని, సంవత్సరమునకొక మారు గాని వత్తురు. అట్టి యిండ్ల చావడులలో గుడ్డ కప్పిన కార్లు నిదురించుచుండును.

అందొకటి మా మరిదిది. ఆయన మావారి పినతండ్రి కుమారుడు. ఉద్యోగమునకై విదేశమున నున్నాడు. చిన్ననాటి కోరిక తీరునట్లు 2016 సంవత్సరారంభమున ఒక ఎఱ్ఱని పందెపు మోస్తరు కారు కొనెను. నేలకు ఆనినట్లుండును, ఇద్దరే కూర్చుండవచ్చును. రెండేండ్లకే ఆయన విదేశము వెడలెను. తాళపుచెవి మాయింట నుంచెను. మావారు నెలకొక మారు ఇంజను త్రిప్పి, పది నిమిషములుంచి ఆపుచుండిరి. బండి మాత్రము కదలలేదు. ఇన్నేండ్లలో అది తిరిగినది అయిదువేల కిలోమీటర్లకు లోపే.

గడచిన వైశాఖమున మరిది, తన తొమ్మిదేండ్ల కూతురుతో వచ్చెను. ఆ పిల్ల, తండ్రి ఎఱ్ఱకారును ఛాయాచిత్రములలో మాత్రమే చూచినది. మరునాడు ఉదయమున ఇద్దరును వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరికి పోవలెనని నిశ్చయించుకొనిరి. మూసీనది పుట్టుచోటు, పద్మనాభస్వామి కోవెల, కొండమలుపుల బాట, ఇవన్నియు చూపెదనని తండ్రి చెప్పగా, పిల్ల రాత్రియంతయు నిదురపోలేదు.

బయలుదేరునపుడు చక్రముల క్రింద నిమ్మకాయలుంచుట మనవారి వాడుక గదా. పళ్ళెమున కుంకుమ, నాలుగు నిమ్మకాయలు పట్టుకొని నేను వంగితిని. వెనుకచక్రము కడ కూర్చుండి చూడగా, టైరు ప్రక్కభాగమున సన్నని పగుళ్ళు కనబడెను. వేసవిలో ఎండిన చెరువు అడుగున బురద యెట్లు నెరియలు వాఱునో, అచ్చముగా అట్లే. గోటితో నొక్కితిని, రబ్బరు నొక్కుకొనలేదు, కొయ్యవలె నుండెను. నాలుగింటిని చూచితిని, నాలుగును అట్లే యున్నవి.

మరిదితో చెప్పగా ఆయన నవ్వెను. "వదినా, దీని గాడులు చూడండి, ఎంత లోతుగా నున్నవో! అయిదువేల కిలోమీటర్లు గూడ తిరుగలేదు. అరుగని టైరును మార్చువారుందురా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు అప్పుడు నాయొద్ద సమాధానము లేదు. మావారు వచ్చి, కండ్లద్దములు సవరించుకొని, టైరు ప్రక్కన చెక్కిన అక్షరముల వరుస చివర నున్న నాలుగంకెలు చదివిరి: 3115. "తమ్ముడూ, ఇది 2015వ సంవత్సరము ముప్పదియొకటవ వారమున పుట్టినది. దీనికి పదియేండ్లు నిండవచ్చినవి" అనిరి.

ఈ నాలుగంకెల సంగతి మనలో పలువురకు తెలియదు గనుక ముందుగా దానిని చెప్పెదను. 2000 సంవత్సరము నుండి టైర్లపై ఈ పద్ధతి నడచుచున్నది. మొదటి రెండంకెలు సంవత్సరములో ఎన్నవ వారమో తెలుపును. తరువాతి రెండు ఏ సంవత్సరమో తెలుపును. 0723 అనియున్నచో 2023వ సంవత్సరము ఏడవ వారమని యర్థము. మూడంకెలే యున్నచో ఆ టైరు 2000కు పూర్వపుది. దానిని ఏ బండికిని ఉంచరాదు. ఈ అంకెలు కొన్నిమార్లు టైరుకు ఒక ప్రక్కననే యుండును. వెలుపల కానరానిచో లోపలిప్రక్క వెదుకవలెను.

టైర్లు చేయు పెద్ద సంస్థలు, అయిదేండ్లు దాటిన టైరును ఏటేట నిపుణునకు చూపుమనియు, పదేండ్లయినచో గాడులెంత లోతుగా నున్నను తీసివేయుమనియు చెప్పుచున్నవి. కార్లు చేయువారిలో కొందరు ఆరేండ్లకే మార్చుమందురు. విడిచక్రమున కుంచుకొన్న టైరునకును ఇదే లెక్క. అది నేల తొక్కకపోయినను వయస్సు ఆగదు.

అరుగనిది యెట్లు ముదియును? ఇది మన వంటయింటిలోనే తెలియును. పెట్టెలో పడవేసిన రబ్బరుపట్టీ ఏడాది తరువాత లాగినచో పుటుక్కున తెగును. అటకమీద నుంచిన ప్రెషరుకుక్కరు మూత వలయము, వాడకపోయినను గట్టిపడి ఆవిరి నిలుపదు. రబ్బరు చెట్టుపాలనుండి వచ్చినది. ఎండకు జిగటయై చలికి బిరుసెక్కు ఆ పదార్థమును, గంధకము కలిపి కాచినచో గట్టిదై సాగుగుణము నిలుచునని 1839లో అమెరికావాడగు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. గంధకము రబ్బరుపోగులను ఒకదానితో నొకటి ముడివేయును. కాలము గడచినకొలది గాలిలోని ప్రాణవాయువు ఆ పోగులలో చేరి, కొన్నిచోట్ల తెంచును, కొన్నిచోట్ల అధికముగా ముడివేయును. అందుచేత రబ్బరు బిరుసెక్కి పెళుసగును. ఓజోను అను వాయువు గాలిలో లేశమాత్రమే యున్నను పైపొరను పగులగొట్టును. వేడిమి యీ పనుల నన్నిటిని త్వరపెట్టును. మా దక్కను ఎండలు ఎట్టివో నేను చెప్పనక్కరలేదు.

ఇందులకు విరుగుడుగా టైరు చేయువారు రబ్బరులో మైనమును, రక్షకద్రవ్యములను కలుపుదురు. అయితే అవి పైకి చక్కగా వచ్చుటకు టైరు తిరుగుచు, నలుగుచు నుండవలెను. ఆవకాయజాడీని తలచుకొనుడు. అప్పుడప్పుడు కలియబెట్టినచో నూనె ముక్కలన్నిటిని తడిపి కాపాడును. ఏడాది కదలింపక యుంచినచో పైన ఎండి బూజు పట్టును. నిలిచియున్న కారు టైరును అట్టిదే. దినమును తిరుగు బస్సు టైరు అరిగి చచ్చును. నిలిచియున్న కారు టైరు అరుగకయే చచ్చును. మొదటి చావు గాడులలో కనబడును గనుక మనము జాగ్రత్తపడుదుము. రెండవది లోపల జరుగును గనుక మోసపోవుదుము.

మరియొక సంగతి. టైరు కేవలము రబ్బరు గాదు. లోన ఉక్కుతీగల పట్టీలు, దారపు పొరలు ఉన్నవి. వానిని రబ్బరే అంటించి పట్టియుంచును. లోపల బిగించిన గాలి, ఏండ్ల తరబడి ఆ పొరలలోనికి మెల్లగా ఇంకి, అంటును పెళుసు చేయును. అట్టి టైరు చావడిలో నుండగా ఏ లోపమును చూపదు. వేగముగా పోవునపుడు వేడెక్కి, పైపట్టీ ఊడివచ్చును. మన కారు నేలను తాకునది ఒక్కొక్క చక్రమున అరచేయంత మేర మాత్రమే. ఆ నాలుగు అరచేతుల మీదనే మన బిడ్డల ప్రాణములున్నవి.

ఇక కథకు వత్తును. మరిదికి ఈ సంగతులు కొన్ని తెలిసినను మనస్సు ఒప్పుకొనలేదు. ఆ కొలత టైర్లు చేవెళ్లలో దొరకవు. నగరమున అడిగినను తెప్పించుటకు నాలుగుదినములు పట్టునని తెలిసెను. ధరయో, నాలుగింటికి కలిపి మావారి నెల జీతమునకు మించినది. ఆయన సెలవు పదిదినములే. పిల్ల కొత్త గౌను తొడుగుకొని కారు తలుపు పట్టుకొని నిలుచున్నది. "మెల్లగా పోయెదను వదినా, ఏమగును?" అని మరిది తాళపుచెవి తీసికొనెను.

నేను పిల్ల చేయి పట్టుకొంటిని. "నీవు పోయి ఒక మారు చూచుకొని రమ్ము. ఆ తరువాత పిల్లను పంపెదను" అంటిని. మరిది ముఖము చిన్నబోయెను. పిల్ల ఏడ్చెను. "పెద్దమ్మా, నన్నెందుకు పోనివ్వవు?" అని నా చేయి విదిలించుకొనెను. బిడ్డ తండ్రిది, ఇల్లు, కారు వారివి. నా మాటకు ఏమి అధికారమున్నదని నాకును తోచెను. అయినను చేయి వదలలేదు. ఇప్పుడు తలచుకొన్న నాకు కలుగు బాధ వేరొకటి: పిల్లను ఆపితిని గాని, ఆయనను ఆపలేకపోతిని. మగవాడు గదా, తన మేలు తానెఱుగునని యూరకుంటిని.

కారు కదలగానే ధబధబమని శబ్దము చేయుచు పోయెను. ఏండ్ల తరబడి ఒకే భాగము నేలకానియుండుటచేత టైరు అచ్చట చదునుపడునట. కొంతదూరము పోయినచో కొత్త టైరు మరల గుండ్రమగును, ముసలిది కాదు. మరిది మర్రిచెట్లకు పేరుపడిన బీజాపురపు బాట నెక్కి చేవెళ్లవైపు పోయెను. తిరిగివచ్చునపుడు ఒక చిన్న వేసవిజల్లు పడెను. ఎదుట ఒక గేదె అడ్డము రాగా ఆయన బ్రేకు నొక్కెను. వేగము గంటకు అరువది కిలోమీటర్లు గూడ లేదట. చక్రములు పట్టులేక జారి, కారు ప్రక్కకు తిరిగి, బాట దిగి, ఒక మర్రిమ్రానికి బారెడు దూరమున నిలిచినది. గేదె తన దారిన తాను పోయెను.

ఆయన ఇంటికి వచ్చి అరుగుమీద కూర్చుండి చాలసేపు మాటాడలేదు. మంచినీళ్ళు ఇచ్చితిని; గ్లాసు పట్టుకొన్న చేయి వణకుచుండెను. తరువాత కూతురును దగ్గఱకు తీసికొని, "వదినా, మ్రాను వైపున నున్నది పిల్ల కూర్చుండవలసిన చోటు" అని మాత్రమే అనెను. నేనును ఏమియు ననలేదు. అనవలసినదియు లేదు.

ఇట్టివి పల్లెబాటలలోనే కాదు, సంపన్నదేశములలోను జరిగినవి. 2013 నవంబరు 30వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియాలో పాల్ వాకర్ అను ప్రసిద్ధ చలనచిత్ర నటుడు, ఆయన మిత్రుడు, పోర్షే కరేరా జీటీ అను మిక్కిలి విలువగల కారులో పోవుచు ప్రమాదమున మరణించిరి. మిత్రుడే కారు నడిపెను. విచారించిన అధికారులు 2014 మార్చిలో తేల్చినదేమనగా: వేగము గంటకు ఎనుబది మొదలు తొంబదిమూడు మైళ్ళ వఱకు నుండెను, ఆ మితిమీరిన వేగమే ముఖ్యకారణము, అయితే టైర్లు తొమ్మిదేండ్లనాటివి యగుటచే కారు పట్టుతప్పుటకు అదియు తోడయ్యెను. కోట్లు పెట్టి కారు కొనువారికి టైర్లు కొన ధనము లేక కాదు. అరుగలేదు గదా యను భ్రమయే. ఆ భ్రమకు ధనికులు, పేదలు అను భేదము లేదు.

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూచినవారికి అందలి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారు తెలిసియుండును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని తయారుచేయుమని కోరి, అది రాకమునుపే 1911లో స్వర్గస్థుడయ్యెను. అది ఆయన కుమారునకు చేరి, కొలదిదూరమే తిరిగి, నేడు ప్రదర్శనకు నిలిచియున్నది. చూడ ముచ్చటగా నుండును. నిలుచుటకే యున్న బండికి టైరు అలంకారము. నడచు బండికి టైరు ప్రాణము. మనయింటి బండి ఏ జాతిదో మనము తేల్చుకొనవలెను. చూచుటకై యుంచినదానిపై బిడ్డలను కూర్చుండబెట్టి కొండలకు పంపరాదు.

మరునాడు మరిది మాయూరి బాటమీదనున్న పంక్చరుదుకాణపు ముసలివానిని పిలుచుకొని వచ్చెను. వాడు టైరును ఒక మారు తట్టి, "అమ్మా, గీ రబ్బరు సచ్చిపోయింది. మీద సూస్తె కొత్తదే, లోపట పానం లేదు" అనెను. శల్యపర్వము చదువనివాడు, అయినను నాకు నాయనగారి మాటయే వినబడెను. వాని సలహా ననుసరించి, నగరమునకు ఫోను చేసి టైర్లు తెప్పించితిమి. అందులో నేను నేర్చుకొన్నవి సోదరీమణులకు చెప్పెదను.

మొదట కొలత. టైరు ప్రక్కన 205/55 ఆర్ 16 అనునట్లు వ్రాసియుండును. 205 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అనగా ప్రక్కభాగపు ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఏబదియైదు పాళ్ళు. 16 అనగా లోపలి చక్రపు అడ్డుకొలత అంగుళములలో. దాని వెంట బరువును తెలుపు అంకె, వేగమును తెలుపు అక్షరము ఉండును. హెచ్ అనగా గంటకు 210 కిలోమీటర్లు, వి అనగా 240, వై అనగా 300 వఱకు తట్టుకొనునది. మన బాటలపై అంతవేగము కూడదు. అయినను కారు చేసినవారు చెప్పినదానికి తక్కువది తొడుగరాదు. పందెపు మోస్తరు కార్లకు ముందు, వెనుక టైర్లు వేర్వేరు కొలతలలో నుండుట కలదు. నాలుగింటిని విడివిడిగా చదివి వ్రాసికొనవలెను.

రెండవది పుట్టినదినము. అరుదైన కొలతల టైర్లు గిడ్డంగులలో చాలకాలము పడియుండును. కొత్తదని తెచ్చినది అప్పటికే మూడేండ్లది కావచ్చును. కూరగాయలు ఏరుకొన్నట్లు అంకెలు చదివి, సంవత్సరము లోపలివి కోరవలెను. మేము తెప్పించినవానిలో ఒకటి అట్టిదే రాగా త్రిప్పి పంపితిమి.

మూడవది తొడుగుట. నాలుగు టైర్లు ఒకే వయస్సువైనచో నాలుగింటిని ఒక్కమారే మార్చుట మేలు. గాలి ఎక్కించు రబ్బరు వాల్వులును టైర్లతోపాటు ముదిసినవే. వానిని మార్చుట మరువరాదు. తొడిగిన పిదప చక్రముల బరువు సరిచూచి, వరుస సరిచేయవలెను. నట్లు కొలతపానాతో బిగించి, నూరు కిలోమీటర్ల లోపల మరల ఒక మారు చూపవలెను. కొత్త టైరుపై అచ్చునుండి వచ్చిన జిడ్డుపొర యుండును గనుక మొదటి రెండుమూడువందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపవలెను; కొత్తకోడలికి ఇల్లు అలవాటగువఱకు ఓర్చుకొన్నట్లు.

నాలుగవది కాపాడుట. బండి వాడకపోయినను పదునైదు దినములకొక మారు కొంచెము దూరము నడపవలెను. అంతకు వీలులేనిచో ముందునకు వెనుకకు జరిపి, నేలకానిన భాగము మార్చవలెను. ఇంజను త్రిప్పినంత మాత్రమున టైర్లకు ఏ మేలును లేదు. మావారు ఏడెనిమిదేండ్లు చేసినది అదియే. గాలి నెలకొక మారు, బండి చల్లగా నున్నపుడు, తలుపు ప్రక్క చీటీలో వ్రాసినంత యుండునట్లు చూడవలెను. ఎండ తగులనిచోట నుంచవలెను. పెట్రోలు, నూనె టైరుకు అంటనీయరాదు. గాడులలో చిన్న మిట్టలుండును. అవి గాడుల అరుగుదలకు గుర్తులు. గాడు 1.6 మిల్లీమీటర్లకు దిగినచో మిట్టయు, టైరు పైభాగమును సమమగును. అప్పుడు వయస్సుతో పనిలేదు, మార్చవలసినదే. ప్రక్కన బుడిపె లేచినచో ఆ దినముననే మార్చవలెను.

కొత్త టైర్లు వచ్చినవి. ఇక మిగిలినది పాతవి. చావడిలో నాలుగును వరుసగా పేర్చగా, గాడులు నిండుగా, నల్లగా, కొత్తవానివలె నుండెను. మాయూరిలో బాడుగకారు నడుపుకొను ఒక అబ్బాయి కలడు. తల్లి, ఇద్దరు చెల్లెండ్రు వాని సంపాదనమీద నున్నారు. వాడు వచ్చి, "అమ్మా, ముందటివి రెండు నా బండి రిమ్ములకు సరిపోతయి. మీకు పనికిరానివే గద, నాకిస్తె ఒక ఏడాది ఎల్లదీస్త" అని అడిగెను. వాని కారు టైర్లు నిజముగనే నున్నగా అరిగియున్నవి. నా మనస్సు కరిగెను. ఊరక పారవేయుదానికన్న ఒక పేదవానికి ఉపయోగపడుట పుణ్యము గాదా యనిపించెను. "తీసికొమ్ము" అను మాట నోటికి వచ్చినది.

అప్పుడు నచికేతుడు జ్ఞప్తికి వచ్చెను. కఠోపనిషత్తునందు వాజశ్రవసుడు యజ్ఞము చేసి గోవులను దానమిచ్చును. అవి ఎట్టివి? త్రాగవలసిన నీరు త్రాగి, మేయవలసిన గడ్డి మేసి, పాలు వట్టిపోయి, ఇక ఈనని ముసలి యావులు. అట్టివానిని ఇచ్చినవాడు ఆనందములేని లోకములకు పోవునని బాలుడైన నచికేతుడు లోలోన తపించెను. ఆ యావులైనను దానము పట్టినవానిని చంపవు. నేనీయబోవునదియో, వాని బండిలో ఎక్కు పదిమందికి మృత్యువు కావచ్చును. నా యింటి పిల్లను ఎక్కనీయని చక్రములపై పరుల పిల్లలను ఎక్కించుట ఏ ధర్మము?

మరిదితో చెప్పగా ఆయన మారుమాటాడక ముసలివానిచేత నాలుగు టైర్ల ప్రక్కలను కత్తితో కోయించెను. ఇకనెవ్వరును వానిని బండికి తొడుగలేరు. ఆ అబ్బాయి చూచుచు నిలుచుండెను. నేను కారణమెంత చెప్పినను, "ఉన్నోళ్ళు గట్లనే చెప్తరు" అని వెడలిపోయెను. నేటికిని ఎదురుపడినపుడు ముక్తసరిగా పలుకును. వాని నిష్ఠూరము నాకు బాధయే. వానికి కొత్త టైర్లు కొనియిచ్చు శక్తి మాకు లేదు. వాని బీదతనమును నా నీతిబోధ తీర్పలేదు. అయినను ఆ దినమున చేసినది తప్పని అనుకొనలేకున్నాను.

కోసిన టైర్లను పెరటిలో పడవేయలేదు. అందు వాననీరు నిలిచినచో డెంగీజ్వరము తెచ్చు దోమలు గ్రుడ్లు పెట్టును. కాల్చుటయు కూడదు, ఆ పొగ విషము. పాత టైర్లను తీసికొని రబ్బరుపొడి చేయించువారికి చేర్చుటకై టైర్లు అమ్మినవారికే అప్పగించితిమి.

సెలవు ముగియుటకు రెండుదినముల ముందు మరిది, పిల్లయు అనంతగిరికి పోయివచ్చిరి. పోవునపుడు నిమ్మకాయలుంచుటకు పిల్లయే వంగెను. ఉంచి లేవక, టైరుపై వ్రేలుంచి ఏదో చదువుచుండెను. "పెద్దమ్మా, దీనికి ఇంకను ఆరునెలలు గూడ నిండలేదు" అని చెప్పి, నవ్వి, కారెక్కెను. సాయంకాలము వారు తిరిగివచ్చువఱకు నేను వాకిటనే యుంటిని.

సోదరీమణులారా! మనలో ఎందరికో ఎఱ్ఱకారులు లేవు. కాని భర్త ఉద్యోగమునకు బదిలీయై పోగా చావడిలో నిలిచిన స్కూటరుండును. పండుగలకు మాత్రమే తీయు పాతకారుండును. పొయ్యి క్రింద గ్యాసుగొట్టముండును. అదియు రబ్బరే, దానిపైనను గడువు అచ్చువేసియుండును, అయిదేండ్లకొక మారు మార్చుమని గ్యాసువారు చెప్పుచున్నారు. వీనిని చూచుటకు విద్యాలయపు పట్టములు అక్కరలేదు. వంగి, కుంకుమబొట్టు పెట్టు చేతితోనే నాలుగంకెలు చదువవచ్చును. అర్జునుని రథమునకు కృష్ణుడుండెను. మన బండ్లకు ఇంటి యిల్లాలి కన్నుండవలెను. ఈ పుటను ముగించి, సాధ్యమైనచో ఈ సాయంకాలమే, మీ చావడిలోని చక్రము కడ ఒక మారు కూర్చుండి చూడుడు.